సభలో గంట ఎవరిది?



"పార్లమెంటు ఉభయ సభలూ రేపటికి వాయిదా పడ్డాయి." సమావేశాలు జరిగే రోజుల్లో సాయంత్రం వార్తల్లో ఈ వాక్యం మీరూ నేనూ ఎన్నోసార్లు విన్నాం. ఎవరు పోడియం దగ్గరికి దూసుకెళ్లారో, ఎవరు ప్లకార్డులు పట్టుకున్నారో, ఎవరు సస్పెండయ్యారో వార్తల్లో వస్తుంది. ఆ రోజు సభ సవ్యంగా నడిచి ఉంటే ఏమేం జరగాల్సి ఉండేదన్నది మాత్రం రాదు. ఈవేళ ఆ సంగతే మాట్లాడదామనుకుంటున్నాను. దేశం మొత్తానికి చట్టాలు చేసే సభ పొద్దున పదకొండుకు కూర్చుని సాయంత్రం ఆరింటిదాకా ఏం చెయ్యాలి? ఎంతసేపు చెయ్యాలి? అది తేల్చేదెవరు?

సభ్యుల చేతికి ముందుగానే ఒక కాగితం వస్తుంది. సభా కార్యక్రమాల జాబితా అంటారు. చూడటానికి చప్పగా ఉంటుంది. ముందు ప్రశ్నలు. తర్వాత సభ ముందు మంత్రులు ఉంచే పత్రాలు, కమిటీల నివేదికలు, మంత్రుల ప్రకటనలు, కొత్త బిల్లుల ప్రవేశం, అటుపైన బిల్లుల మీద చర్చ. వరస సంఖ్యలతో, మంత్రుల పేర్లతో, రైల్వే టైంటేబుల్‌కి ఉన్నంత ఆకర్షణే ఉంటుంది దానికి. కానీ ఢిల్లీ రాజకీయాన్ని దగ్గరగా చూసినవాళ్లు పత్రికల పతాక శీర్షికల కంటే ముందు ఆ కాగితమే తిరగేస్తారు. ఒక బిల్లు పేరు ఫలానా రోజు జాబితాలోకి ఎక్కిందంటే దాని వెనక ఎన్నో మంతనాలు జరిగాయన్నమాట. ఎక్కి, చర్చకు రాకుండానే మరుసటి రోజు జాబితాలో కిందికి జారిందంటే అదింకో కథ.

లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రభుత్వ కార్యక్రమాల వరసను స్పీకర్ సభానాయకుడితో సంప్రదించి ఖరారు చేస్తారు. ఆచరణలో ఆ సంప్రదింపుల భారమంతా పార్లమెంటరీ వ్యవహారాల మంత్రిదే. మన వెంకయ్యనాయుడు గారు 2014 నుంచి రెండేళ్లు ఆ పని చేశారు, ఆ తర్వాత రాజ్యసభ ఛైర్మన్‌గా బల్లకు అటుపక్క కూడా కూర్చున్నారు. ప్రతి శుక్రవారం ఆ శాఖ తరఫున ఒక మంత్రి లేచి, వచ్చేవారం ప్రభుత్వం ఏయే పనులు సభ ముందుకు తెస్తుందో చదువుతారు. ఆ వెంటనే సభ్యులు లేచి, మా ప్రాంతంలో వరదల మీద చర్చ పెట్టండి, మా రైల్వే లైను సంగతి చేర్చండి అని అడుగుతారు. అడిగినవన్నీ చేరవు. అయినా అడగటం రికార్డుల్లోకి ఎక్కుతుంది.

అసలు పని జరిగేది కెమెరాలు లేని చోట. సభా వ్యవహారాల సలహా సంఘం, పత్రికల్లో మనం బీఏసీ అని చదివేది, లోక్‌సభలో 1952 జులైలో మొదలైంది. స్పీకర్ అధ్యక్షతన 15 మంది సభ్యులు, అన్ని ప్రధాన పార్టీల నాయకులూ ఉంటారు. ఏ బిల్లుకు ఎన్ని గంటలు, ఏ శాఖ పద్దుకు ఎన్ని గంటలు అన్నది వాళ్లు తేలుస్తారు. రాజ్యసభకు 11 మందితో విడిగా ఒక సంఘం ఉంది. పెళ్లికి ముందు ఇరువైపుల పెద్దలూ కూర్చుని ఇచ్చిపుచ్చుకోవడాలు మాట్లాడుకున్నట్టే ఉంటుంది ఆ వ్యవహారం. ఈ బిల్లు మీద మేం ఎక్కువసేపు అడగం, దానికి బదులు ధరల మీద చర్చ ఒప్పుకోండి. ఒప్పుకుంటాం, కానీ ఈ వారం కాదు. అక్కడ ఓటింగ్ అనే మాట దాదాపు వినపడదు, అందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా మాట్లాడతారు. అక్కడ తలూపిన నాయకుడే మర్నాడు సభలో గొంతు చించుకోవడమూ ఉంది. నా మటుకు నేను దాన్ని ద్వంద్వ నీతి అనను. బీఏసీలో ఆయన తన పార్టీకి సమయం సంపాదిస్తాడు, సభలో తన ఓటరుకు కనపడతాడు. రెండూ ఆయన ఉద్యోగమే. కాకపోతే రెండోది మొదటిదాన్ని మింగేస్తున్న రోజులు ఎక్కువయ్యాయి.

కేటాయించిన గంటల్ని మళ్లీ పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. ఈ పంపకం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు బాగా గుర్తుండే ఉదాహరణ ఒకటుంది, 2018 నాటి అవిశ్వాస తీర్మానం. దాని గురించి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే సభా కార్యక్రమాలు ఎలా కదులుతాయో, ఎలా కదలకుండా ఆగిపోతాయో అందులో మొత్తం ఉంది.

ఆ ఏడాది మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక హోదా కోసం వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ కేంద్ర ప్రభుత్వం మీద విడివిడిగా అవిశ్వాస నోటీసులిచ్చాయి. నిబంధన ఏమంటుందంటే, నోటీసు ఆ రోజు ఉదయం పదింటి లోపు అందాలి. సభలో దానికి కనీసం 50 మంది సభ్యులు లేచి నిలబడి మద్దతు తెలపాలి. నిలబడిన తలల్ని స్పీకర్ లెక్కపెట్టాలి. లెక్కపెట్టాలంటే సభ సద్దుమణగాలి. అక్కడ చిక్కొచ్చింది. కావేరీ బోర్డు కోసం అన్నాడీఎంకే సభ్యులు, రిజర్వేషన్ల శాతం పెంచుకునే హక్కు రాష్ట్రానికివ్వాలని టీఆర్‌ఎస్ సభ్యులు పోడియం ముందు నిలబడి నినాదాలు చేస్తున్నారు. సభ అదుపులో లేదు కాబట్టి లెక్కించలేనంటూ అప్పటి స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజు తర్వాత రోజు సభను వాయిదా వేశారు. నోటీసు మళ్లీ ఇచ్చేవారు, మళ్లీ అదే జరిగేది. ఏప్రిల్ 6న ఆ సమావేశాలే ముగిసిపోయాయి. 50 మంది ఉన్నారా లేదా అన్న తగువు ఎవరికీ లేదు, ఉన్నారని అందరికీ తెలుసు. వాళ్లను లెక్కపెట్టే రెండు నిమిషాల ప్రశాంతత దొరకలేదు, అంతే.

అదే గొడవలో, ఆ నోటీసులకు రెండు రోజుల ముందు, మార్చి 14న మరొకటి జరిగింది. దాదాపు 24 లక్షల 42 వేల కోట్ల రూపాయల ఖర్చుకు సంబంధించిన పద్దులు, ద్రవ్య వినిమయ బిల్లు, ఆర్థిక బిల్లు, అన్నీ నినాదాల మధ్యనే సుమారు అరగంటలో చర్చ లేకుండా లోక్‌సభ ఆమోదం పొందాయి. గిలెటిన్ అంటారు ఈ పద్ధతిని. పద్దులకు కేటాయించిన చివరి రోజున నిర్ణీత సమయానికి చర్చ ఎక్కడున్నా సరే ఆపేసి, మిగిలినవన్నీ ఒక్క మూటగా ఓటుకు పెడతారు. నిబంధనల్లోనే ఉంది. సభ ఎంత సజావుగా నడిచిన ఏడాదైనా నాలుగైదు శాఖల పద్దులకు మించి చర్చకు రావు, మిగతావి గిలెటిన్ కిందికే పోతాయి. ఆ ఏడాది ఆ కొన్నీ రాలేదు. నినాదాలు తీర్మానాన్ని ఆపగలిగాయి గాని పద్దుల్ని ఆపలేకపోయాయి. గందరగోళం ఎప్పుడూ రెండు పక్షాలకూ సమానంగా నష్టం చెయ్యదని ఆ మార్చి నెల చూస్తే తెలుస్తుంది.

జులై 18న వర్షాకాల సమావేశాలు మొదలయ్యాయి. మొదటి రోజే స్పీకర్ తెలుగుదేశం నోటీసు చదివారు, 50 మందికి పైగా లేచారు, తీర్మానం సభ పరమైంది. అనుమతి అడిగిన పది రోజుల్లోగా చర్చ జరగాలని నిబంధన. రెండు రోజులకే, అంటే జులై 20, శుక్రవారానికి పెట్టారు. ఆ రోజు ప్రశ్నోత్తరాల సమయం లేదు, రోజంతా దీనికే. ముందుగా అనుకున్న సమయం ఏడు గంటలు. ఇప్పుడు పంపకం వినండి. భారతీయ జనతా పార్టీకి మూడు గంటల 33 నిమిషాలు, కాంగ్రెస్‌కు 38 నిమిషాలు, టీఆర్‌ఎస్‌కు 9 నిమిషాలు. తీర్మానం పెట్టిన తెలుగుదేశానికి 13 నిమిషాలు! మొదట నోటీసిచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులైతే అప్పటికి రాజీనామాలు చేసి సభలోనే లేరు.

కాగితం మీది 13 నిమిషాలు కాగితం మీదే ఉండిపోయాయి. తీర్మానం కేశినేని శ్రీనివాస్ పేరు మీద ఉంటే, చర్చ ప్రారంభించిన గల్లా జయదేవ్ దాదాపు గంటసేపు మాట్లాడారు. స్పీకర్ మధ్యమధ్య బెల్లు కొట్టారు, ముగించమన్నారు, కాని మాట్లాడనిచ్చారు. సాయంత్రం ఆరింటికి కావలసిన ఓటింగ్ రాత్రి పదకొండుకు అటూఇటుగా జరిగింది. అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325. ఫలితం మీద ఎవరికీ ముందు నుంచీ అనుమానం లేదు. గెలవడానికి పెట్టిన తీర్మానం కాదది, సమయం సంపాదించడానికి పెట్టింది. 543 మంది సభలో పదిహేను మంది ఉన్న పార్టీకి ఒక రోజంతా దేశం చెవి దొరకాలంటే అంతకంటే మార్గం లేదు.

ఈ విషయంలో బ్రిటన్ పార్లమెంటు పద్ధతి నాకు నచ్చుతుంది. కామన్స్ సభలో ఒక్కో సమావేశ కాలంలో ఇరవై రోజులు ప్రతిపక్షాలవి. పదిహేడు ప్రధాన ప్రతిపక్షానివి, మూడు ఆ తర్వాతి పార్టీవి. ఆ రోజుల్లో ఏం చర్చించాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. మనం వాళ్ల నుంచి ఎన్నో తెచ్చుకున్నాం గాని దీన్ని తెచ్చుకోలేదు. అందుకని మన ప్రతిపక్షం ప్రతి చర్చనూ అడిగి తీసుకోవాలి, ఇవ్వకపోతే అరిచి తీసుకోవాలి. లోక్‌సభలో వాయిదా తీర్మానం ఉంది, ఆ రోజు జాబితాను పక్కనపెట్టి అత్యవసర విషయం చర్చించమని కోరడానికి. ప్రభుత్వాన్ని తప్పుపట్టే అర్థం దానిలో ఉంటుంది కాబట్టి అది ఒప్పుకునే రోజులు బహు తక్కువ. రాజ్యసభలో అదీ లేదు. అక్కడ 267వ నిబంధన కింద జాబితాను ఆపమని రోజూ నోటీసులు పడతాయి, రోజూ తిరస్కరణకు గురవుతాయి. 2016 నవంబరులో నోట్ల రద్దు మీద చర్చ మాత్రం ఆ నిబంధన కిందే మొదలైంది.

ప్రతిపక్షం అడిగినదానికి చోటిచ్చిన స్పీకర్లూ ఉన్నారు. నీలం సంజీవరెడ్డి గారు 1967లో స్పీకర్ అయ్యాక పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేసిన సంగతి చాలామందికి తెలుసు. ఆయన చేసిన మరో పని అంతగా తెలియదు. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజునే అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు స్వీకరించారు. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. జాబితా వరసను మార్చే అధికారం స్పీకర్‌కు ఉందనడం వేరు, కొత్త ప్రభుత్వం కుదురుకోకముందే దాన్ని వాడటం వేరు.

ఇక సామాన్య సభ్యుడి సంగతి. మంత్రి కాడు, పార్టీ నాయకుడు కాడు, పార్టీకి వచ్చిన 13 నిమిషాల్లో ఆయన వాటా సున్నా. అలాంటివాడికి పార్లమెంటులో సొంతంగా దక్కే గంటల్లో ముఖ్యమైనది ప్రశ్నోత్తరాల గంట. దీనికి ఏర్పాట్లు ఎంత పకడ్బందీగా ఉంటాయంటే, 15 రోజుల ముందే నోటీసివ్వాలి. మంత్రిత్వ శాఖల్ని అయిదు గుంపులు చేసి సోమవారం నుంచి శుక్రవారం దాకా వారానికో రోజు చొప్పున పంచుతారు. వ్యవసాయం గురించి అడగాలంటే వ్యవసాయం రోజునే అడగాలి. కుప్పలుగా వచ్చిన నోటీసుల్లోంచి లాటరీ తీస్తారు. లోక్‌సభలో రోజుకు ఇరవై ప్రశ్నలకు నక్షత్రం గుర్తు పడుతుంది, వాటికి మంత్రి లేచి జవాబు చెప్పాలి. మరో 230 వాటికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. మొదటి జాబితా ఆకుపచ్చ కాగితం మీద, రెండోది తెల్ల కాగితం మీద అచ్చేసే సంప్రదాయం.

నక్షత్రం విలువంతా అనుబంధ ప్రశ్నలో ఉంది. మొదటి జవాబు అధికారులు రాసిచ్చినదే, మంత్రి సభ ముందు ఉంచేస్తారు. ఆ తర్వాత సభ్యుడు లేచి అడిగే రెండో ప్రశ్నకు కాగితం ఉండదు. మంత్రికి శాఖ మీద పట్టుందో లేదో అప్పుడు బయటపడుతుంది. 1957లో జీవిత బీమా సంస్థ వ్యాపారి ముంద్రా కంపెనీల వాటాలు ఎందుకు కొన్నదన్న వ్యవహారం ఇలాంటి ప్రశ్నతోనే బయటికొచ్చింది. రామ్ సుభగ్ సింగ్ అడిగితే జవాబు దాటవేతగా వచ్చింది. ఫిరోజ్ గాంధీ దాన్ని వదలకుండా పట్టుకుని డిసెంబరులో సభలో చర్చకు తెచ్చారు. అడిగినవాళ్లిద్దరూ పాలక కాంగ్రెస్ సభ్యులే. జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అప్పుడు స్పీకర్ మన తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. సొంత పార్టీ మంత్రిని ఇబ్బంది పెట్టే ప్రశ్నకు జాబితాలో చోటు దొరికిన రోజులవి.

ఇరవై ప్రశ్నల్లో గంటలో అందేవి మామూలుగా నాలుగైదే. 2019 నవంబరు 27న లోక్‌సభలో ఇరవైకి ఇరవయ్యీ పూర్తయితే, 1972 తర్వాత ఇదే మొదటిసారని వార్త అయింది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన రోజూ ఉంది. 2009 నవంబరు 30న నక్షత్ర ప్రశ్నలు వేసిన సభ్యుల్లో చాలామంది రానేలేదు. పేరు పిలిస్తే పలికేవాళ్లు లేక ప్రశ్నోత్తరాల గంట మధ్యలోనే అయిపోయింది. 15 రోజుల ముందు నోటీసిచ్చి, లాటరీలో గెలిచి, తీరా రోజున రాకపోవడానికి ఏ నిబంధన మందు వెయ్యగలదు?

పొద్దున పదకొండుకు సభ కూర్చోగానే గొడవ మొదలై ఈ గంట కొట్టుకుపోతోందని రాజ్యసభ 2014లో ప్రశ్నల్ని పన్నెండింటికి జరిపింది. పదకొండుకు జీరో అవర్ పెట్టింది. గొడవ కూడా పన్నెండింటికి జరిగింది. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు సమావేశాల్లో, రెండు సభలూ పూటకొకటి చొప్పున నాలుగేసి గంటలు కూర్చున్నప్పుడు ప్రశ్నోత్తరాల సమయాన్ని పూర్తిగా తీసేశారు, రాత జవాబులే మిగిలాయి. సమయం తక్కువైనప్పుడు దేన్ని ముందు కోస్తామో దాన్ని బట్టి దేనికి విలువ తక్కువిస్తున్నామో తెలిసిపోతుంది. ఆ కోతకు చెప్పిన కారణం నాకు ఇప్పటికీ సరిపోలేదు. గంట కాకపోతే అరగంటైనా ఉంచవలసింది.

జీరో అవర్ గురించి ఒక్క మాట. నిబంధనల పుస్తకంలో ఆ పేరుతో ఏదీ లేదు. ప్రశ్నలు అయిపోయాక, జాబితాలోని పని మొదలయ్యేలోపు సభ్యులు లేచి మా ఊళ్లో ఇలా జరిగిందంటూ అడగటం 1960ల్లో అలవాటుగా మొదలై స్థిరపడింది. 2019 జులైలో ఒక రోజు లోక్‌సభలో 160 మందికి పైగా సభ్యులకు అవకాశమిచ్చి గంటల తరబడి నడిపారు. మన ఎంపీలు రైల్వే జోన్ అనీ, ప్రాజెక్టు నిర్వాసితులనీ మాట్లాడే చిన్న వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి చూడండి, అవి ఎక్కువగా ఈ వేళవే.

బడ్జెట్ సమయం కథ కూడా ఇందులో భాగమే. సాయంత్రం అయిదింటికి బడ్జెట్ చదవడం బ్రిటిష్ కాలపు అలవాటు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా యాభై ఏళ్లు అలాగే సాగింది. 1999లో యశ్వంత్ సిన్హా పొద్దున పదకొండుకు మార్చారు. అప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది అమలాపురం నుంచి వెళ్లిన బాలయోగి గారు. 2017 నుంచి తేదీ కూడా ఫిబ్రవరి ఒకటికి జరిగింది. దానివల్ల మార్చి 31లోగా పద్దులన్నీ పూర్తవుతున్నాయి. పూర్వం రెండు నెలల ఖర్చుకు తాత్కాలిక అనుమతి తీసుకుని, వేసవిలో తాపీగా చర్చించేవారు. తొందరగా అవడం మంచిదే. చర్చ అయ్యాకే అవుతోందా అంటే, గిలెటిన్ సంగతి ఇందాక చెప్పాను.

అసలు సభ కూర్చునే రోజులే తగ్గాయి. మొదటి లోక్‌సభ అయిదేళ్లలో 677 రోజులు కూర్చుంది. పదిహేడో లోక్‌సభ 274 రోజులు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని రాజ్యాంగం చెప్పింది గాని, ఏడాదికి ఇన్ని రోజులు కూర్చోవాలని చెప్పలేదు. ఎప్పుడు పిలవాలో నిర్ణయించేది ప్రభుత్వమే. రోజులు తగ్గితే బీఏసీలో పంచడానికి గంటలు తగ్గుతాయి. గంటలు తగ్గితే ముందు ఎండిపోయేది చివరన ఉన్న మడి.

ఆ చివరి మడి శుక్రవారం. వారంలో ఆ ఒక్క రోజు చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యులవి, అంటే మంత్రులు కాని ప్రతి సభ్యుడివీ. ఒక శుక్రవారం బిల్లులు, మరో శుక్రవారం తీర్మానాలు. అప్పటికి చాలామంది నియోజకవర్గాలకు విమానం ఎక్కేసి ఉంటారు. కోరం లేదని, అంటే సభలో పదోవంతు మంది లేరని ఎవరైనా గుర్తుచేస్తే బెల్లు మోగించి పిలవాలి. లోక్‌సభకు ఆ పదోవంతు 55 మంది. ఇంతవరకు చట్టాలుగా మారిన ప్రైవేటు సభ్యుల బిల్లులు పద్నాలుగే, చివరిది 1970లో. తిరుచ్చి శివ తెచ్చిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది గాని లోక్‌సభ గడప దాటలేదు.

ఆ పద్నాలుగింటిలో ఒకటి ఫిరోజ్ గాంధీది, 1956 నాటిది. పార్లమెంటులో జరిగినదాన్ని ఉన్నది ఉన్నట్టుగా, దురుద్దేశం లేకుండా ప్రచురించినవారి మీద దావాలు, కేసులు వెయ్యకూడదని ఆ చట్టం చెప్పింది. పత్రికలతో ఆగలేదు, రేడియో ప్రసారాలకూ అదే రక్షణ ఇచ్చింది. ఎమర్జెన్సీలో ఇందిరాగాంధీ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. 1977లో జనతా ప్రభుత్వం మళ్లీ తెచ్చింది. మరుసటి ఏడాది 44వ సవరణతో 361ఏ అధికరణంగా ఆ రక్షణ రాజ్యాంగంలోకే ఎక్కింది, రేడియో ప్రస్తావనతో సహా. ఇంతసేపూ సభలో జరిగిన సంగతులు నేను మీకు ఈ మైకు ముందు కూర్చుని చెప్పినదంతా ఆ అధికరణం నీడలోనే.